బట్టమేక పిట్టకు తీగ, పిగ్మీ పందికి నిప్పు: అంతరించిపోతున్న రెండు జీవుల లెక్కలు

రాజస్థాన్‌లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) తిరిగే చోట కరెంటు తీగలను భూమిలోకి దించాలా వద్దా అన్న వ్యాజ్యం సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి నడిచింది. అదే కాలంలో అస్సాంలో పిగ్మీ పందులను పెంపక కేంద్రంలో పుట్టించి, పెంచి, మానస్ జాతీయ పార్కు గడ్డిలో వదులుతూ వచ్చారు. ఈ రెండు వార్తలూ చదివినవాళ్లలో చాలామందికి ఒక సందేహం కలుగుతుంది. పందిని పెంచి వదిలినట్టే పిట్టనూ పెంచి వదిలితే పోయేదానికి, తీగల మీద ఇంత పట్టుదల ఎందుకు?

సందేహం న్యాయమైనదే. జవాబు మాత్రం కోర్టు కాగితాల్లో కన్నా ఆ రెండు జీవుల కాన్పుల లెక్కలో, చావుల లెక్కలో ఉంది.

## "అంతరించిపోతున్న" అంటే ఎంత ప్రమాదం

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, రెడ్ లిస్ట్ అనే జాబితాను నిర్వహిస్తుంది. ముప్పులో ఉన్న జీవులకు అందులో మూడు మెట్లున్నాయి: ముప్పు పొంచి ఉన్నవి, ప్రమాదంలో ఉన్నవి, తీవ్ర ప్రమాదంలో ఉన్నవి. ఏ జీవి ఏ మెట్టు మీద ఉందో తేల్చడానికి కొలతలున్నాయి. పిల్లల్ని కనే వయసు వచ్చిన జీవులు 50 కన్నా తక్కువే మిగిలితే, ఇంకేమీ చూడకుండానే అది తీవ్ర ప్రమాదం. 250 లోపు ఉంటే ప్రమాదం. సంఖ్య ఎంతున్నా తగ్గే వేగాన్ని బట్టి కూడా మెట్టు మారుతుంది. పదేళ్లు లేదా మూడు తరాలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే ఆ కాలంలో 80 శాతం తగ్గిపోతే తీవ్ర ప్రమాదం కిందికి వస్తుంది.

బట్టమేక పిట్ట 2011 నుంచి తీవ్ర ప్రమాదం మెట్టు మీద ఉంది. మొత్తం మీద 150కి లోపే మిగిలాయని అంచనా. పిగ్మీ పంది కూడా ఒకప్పుడు ఆ మెట్టు మీదే ఉండేది. 2019లో ఒక మెట్టు దిగి, ప్రమాదంలో ఉన్న జీవుల్లో చేరింది.

ఇక్కడ రెండు విషయాలు తరచూ కలగాపులగం అవుతుంటాయి. రెడ్ లిస్ట్‌కు చట్టబలం లేదు. మన దేశంలో ఈ రెండింటికీ రక్షణ ఇచ్చేది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. రెండూ దాని మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి చట్టం దృష్టిలో రెండింటికీ ఒకే స్థాయి. రెండో విషయం, ఒక జీవి ఎంత ప్రమాదంలో ఉందో మెట్టు చెబుతుంది గానీ, ఎందువల్ల ఉందో, మందేమిటో చెప్పదు. జ్వరం ఎంతుందో థర్మామీటరు చూపిస్తుంది. అది మలేరియానా, టైఫాయిడా అన్నది వేరే పరీక్షలో తేలాలి.

## గడ్డి లేనిదే బతకని రెండు జీవులు

బట్టమేక పిట్ట దాదాపు మీటరు ఎత్తుంటుంది. మగది 12 నుంచి 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో ఇంత బరువైనవి ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. పొట్టి గడ్డి మైదానాలు, మెట్ట చేలు దీని నివాసం. మిడతలు, పురుగులు, తొండలు, గింజలు తింటుంది. గూడు కట్టదు. ఆడది నేల మీదే, సాధారణంగా ఏడాదికి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెట్టి, 27 రోజుల వరకు పొదుగుతుంది. పిల్ల ఎదిగి తాను గుడ్డు పెట్టడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది.

పిగ్మీ పంది పందులన్నింటిలోకీ చిన్నది. ఎత్తు పాతిక సెంటీమీటర్లు, బరువు 6 నుంచి 9 కిలోలు. పంది గిట్టల జంతువేనా అని అడిగేవాళ్లుంటారు. ముమ్మాటికీ గిట్టల జంతువే. దాని ప్రతి కాలికీ నాలుగు వేళ్లుంటాయి. మధ్య రెండు వేళ్లు గిట్టలై బరువంతా మోస్తాయి, పక్క రెండూ పైన వేలాడుతుంటాయి. ఆవు, మేక, జింక చేరిన సరి సంఖ్య వేళ్ల కుదురులోదే ఇదీ. మనిషిని మించి పెరిగే తడి గడ్డి దీని ఇల్లు. ఆ గడ్డినే కొరికి తెచ్చి, గుంట తవ్వి, పైకప్పు వేసి గూడు కట్టుకుంటుంది. ఈనడానికి మాత్రమే కాదు, ఆడా మగా ఏడాది పొడుగునా అలాంటి గూటిలోనే పడుకుంటాయి. కాన్పుకు మూడు నాలుగు పిల్లలు. పుట్టిన పిల్ల 150 నుంచి 200 గ్రాములుంటుంది. ఒకటి రెండేళ్లలో అదీ తల్లవుతుంది.

ఒకప్పుడు హిమాలయ పాదాల వెంట ఉత్తరప్రదేశ్ నుంచి అస్సాం దాకా ఉన్న ఈ పంది, చివరికి మానస్‌లో తప్ప సొంతంగా బతికే చోటు లేకుండా అయింది.

## వంద పిట్టలు, వంద పందులు: వేసి చూద్దాం

కింది అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. ఎక్కడో లెక్కపెట్టి తెచ్చినవి కావు. నిష్పత్తులు మాత్రం ఆ జీవుల తీరుకు దగ్గరగా ఉంటాయి.

గుడ్డు పెట్టే వయసొచ్చిన పిట్టలు వంద ఉన్నాయనుకుందాం. అందులో ఆడవి 50. వాన సరిగా పడక, పురుగూ పుట్రా లేక అన్నీ ప్రతి ఏడూ గుడ్డు పెట్టవు. 30 పెట్టాయనుకుందాం, 30 గుడ్లు. నక్కలు, కుక్కలు, ఉడుములు, కాకులు సగం తినేస్తే 15 పిల్లలు. వాటిలో సగం ఏడాది నిండకుండా పోతే ఏడెనిమిది. పెద్దవయ్యేసరికి మిగిలేవి 6. ముసలితనం, రోగం కలిపి ఏటా వందకు 5 పెద్ద పిట్టలు చనిపోతాయి. వచ్చింది 6, పోయింది 5. నికరం ఏడాదికి ఒక్కటి.

ఇప్పుడు కరెంటు తీగలకు తగిలి ఏటా మరో 5 పెద్ద పిట్టలు చనిపోయాయనుకోండి. పెరుగుదల ఒకటి కాస్తా నాలుగు తరుగుదల అవుతుంది. ఏటా నాలుగు శాతం చొప్పున తగ్గితే 17 ఏళ్లలో గుంపు సగమైపోతుంది.

గుడ్లకు కాపలా పెడితే? కుక్కల్ని తరిమి, కంచె వేసి, గుడ్ల నష్టాన్ని సగం నుంచి నాలుగో వంతుకు తగ్గించామనుకుందాం. అది చిన్న విజయమేమీ కాదు. అప్పుడు పెద్దవయ్యేవి 6 కాదు, 9. చనిపోయేవి మాత్రం ఇంకా 10. గుంపు తగ్గుతూనే ఉంటుంది. గుడ్ల జోలికి పోకుండా తీగల చావులొక్కటీ ఆపితే చాలు, లెక్క పెరుగుదల వైపు తిరుగుతుంది. నెమ్మదిగా పెరిగి, చాలా ఏళ్లు బతికే జీవుల లెక్కంతా ఇలాగే ఉంటుంది. ఒక తల్లి పిట్ట చనిపోతే, రాబోయే పదేళ్ల గుడ్లు ఒకేసారి పోయినట్టే.

పంది లెక్క చూడండి. వంద పందుల్లో 50 ఆడవి. 35 ఈనితే, కాన్పుకు మూడు చొప్పున 105 పిల్లలు. సగం చనిపోయినా 52 మిగులుతాయి. పెద్దవి ఏటా 30 పోయినా, నికరంగా 22 పెరుగుతాయి.

రెండు గుంపులూ ఏదో ఆపద వచ్చి 60కి పడిపోయాయనుకుందాం. అంతా అనుకూలిస్తే పందులు 73, 89, 109 అంటూ మూడేళ్లలో వంద దాటతాయి. ఏటా ఒక శాతం పెరిగే పిట్టలు మళ్లీ వందకు చేరడానికి 50 ఏళ్లు దాటుతుంది. ఆ 50 ఏళ్లలో ఇంకే ఆపదా రాకూడదు కూడా.

అంత జోరుగా పెరిగే పంది మరి అంతరించే దాకా ఎందుకొచ్చింది? పెరిగిన పందికి తలదాచుకునే గడ్డి లేదు. వందకు చోటున్న గడ్డి సగం కాలిపోతే అక్కడ బతికేవి 50. ఎన్ని పిల్లలు పుట్టినా ఆ 50 దాటదు. పిట్ట కథలో పెద్దవాటి చావు ప్రధానం, పంది కథలో చోటు ప్రధానం.

## ఎదురుగా ఉన్న తీగ పిట్టకు ఎందుకు కనబడదు

బట్టమేక పిట్ట కళ్లు తలకు పక్కల ఉంటాయి. వెనక నుంచి వచ్చే శత్రువును పసిగట్టడానికి అది మేలే. కానీ ముందువైపు రెండు కళ్లూ కలిసి చూసే భాగం సన్నంగా ఉంటుంది. ఈ కుటుంబంలోనిదే అయిన ఆఫ్రికా కోరి బస్టర్డ్ మీద చేసిన పరిశోధనలో తేలిందేమిటంటే, కింది నేలను చూడటానికి తల కాస్త వంచగానే, ఎగిరే దిశలో ఏముందో ఆ పక్షికి అసలు కనబడదు. ఒకవేళ చివరి క్షణంలో కనబడినా, 12 కిలోల ఒంటితో చటుక్కున పక్కకు తిరగడం దానివల్ల కాదు. ఇవి ఎగిరే ఎత్తు కూడా తక్కువ, సరిగ్గా తీగలుండేంత.

అందుకే 2019లో మాజీ ఐఏఎస్ అధికారి, వన్యప్రాణి నిపుణులు ఎం.కె. రంజిత్‌సింహ్, మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో కోర్టు, పిట్ట తిరిగే ప్రాంతాల్లో తీగలను భూగర్భంలో వేయాలని, అది కుదిరేలోగా పక్షులకు తీగ కనబడేలా చేసే డైవర్టర్లు తగిలించాలని ఆదేశించింది. ఆ ఆదేశం పరిధి దాదాపు 99 వేల చదరపు కిలోమీటర్లు. సౌర, పవన విద్యుత్తుకు దేశంలోనే అనువైన నేల అదే కావడంతో కేంద్ర ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 2024 మార్చిలో కోర్టు ఆ గంపగుత్త ఆదేశాన్ని సవరించి, ఎక్కడ ఏది సాధ్యమో తేల్చే పనిని నిపుణుల కమిటీకి అప్పగించింది. ఆ కమిటీ సిఫారసుల ఆధారంగా 2025 డిసెంబరులో తీర్పు వచ్చింది.

రెండు వైపులా బలమైన వాదనలే ఉన్నాయి. భూగర్భ కేబుల్‌కు ఖర్చు ఎక్కువన్న మాట అందరికీ తెలుసు. అంతకన్నా పెద్ద చిక్కు సాంకేతికమైనది. ఎక్కువ వోల్టేజీ ఉన్న ఏసీ కేబుల్‌ను భూమిలో వేస్తే, తీగకూ పైతొడుగుకూ మధ్య అది విద్యుదావేశాన్ని నిలవ చేసుకునే కెపాసిటర్‌లా పనిచేస్తుంది. పొడవు పెరిగేకొద్దీ ఆ కెపాసిటర్‌ను నింపడానికే బోలెడంత కరెంటు పోతుంది. కేబుల్ వేడి బయటికి పోవడం కష్టం, అతుకుల దగ్గర లోపాలొస్తాయి, తవ్వి బాగు చేయడానికి రోజులు పడుతుంది. ఈ ఇబ్బందులు 33 కేవీ వంటి చిన్న లైన్లకు అంతగా ఉండవు. కనుక "అన్నీ భూమిలోకి" అన్న మాట ఎంత సరికాదో, "భూమిలో వేయడం సాధ్యం కాదు" అన్న మాటా అంతే సరికాదు. వోల్టేజీని బట్టి, చోటును బట్టి తేలాల్సిన విషయమిది.

ఇక డైవర్టర్లు. ఇవి తీగకు వేలాడదీసే మెరిసే బిళ్లలు, చుట్టలు. చవక, త్వరగా బిగించవచ్చు. అయితే పనిచేస్తాయా? దక్షిణాఫ్రికాలోని కరూ ప్రాంతంలో చేసిన పెద్ద ప్రయోగం ఫలితం 2021లో వెలువడింది. గుర్తులు తగిలించిన తీగల వద్ద నీలి కొంగ జాతి పక్షుల చావులు 92 శాతం తగ్గాయి. బస్టర్డ్‌ల చావులు మాత్రం తగ్గలేదు. ముందు చూపు లేని పక్షి కళ్లెదుట ఎంత మెరిసే బిళ్ల కట్టినా ఏం లాభం! ఈ ఒక్క ఫలితం వల్లనే, డైవర్టర్లు పెట్టేశాం కాబట్టి పనైపోయిందనుకునే ధోరణిని నేను ఒప్పుకోలేను. కొత్త లైనును పిట్ట తిరిగే దారిలో అసలు వేయకుండా పక్క నుంచి తిప్పడమే అన్నిటికన్నా గట్టి ఉపాయం.

## గడ్డిని కాల్చాలా, వద్దా

పిగ్మీ పంది లోకానికి మళ్లీ కనబడిందే నిప్పు వల్ల. అది అంతరించిపోయిందనే అనుకుంటున్న రోజుల్లో, 1971లో, అస్సాంలోని బర్నాది దగ్గర గడ్డి తగలబడి, ఆ మంటకు పారిపోయి పక్క తేయాకు తోటలోకి వచ్చిన పందులు జనం చేతికి చిక్కాయి.

ఎండాకాలానికి ముందు గడ్డిని తగలబెట్టడం ఆ ప్రాంతంలో ఏటా జరిగేదే. కాలితే వానలకు లేత చిగురు వస్తుంది, పశువులకు మేతవుతుంది. జింకలు, దున్నలు కూడా ఆ చిగురు కోసమే వస్తాయి. అయితే పెద్ద గిట్టల జంతువులకు విందు పెట్టే ఈ మంటే, పాతిక సెంటీమీటర్ల పందికి ఇల్లు లేకుండా చేస్తుంది. వానల ముందు, ఏప్రిల్ మే నెలల్లో ఈనే పందికి అప్పటికి గూడు కట్టుకునేంత గడ్డి ఎదిగి ఉండాలి. ఫిబ్రవరి, మార్చిలో కాల్చిన చోట అంత గడ్డి ఉండదు. దాక్కునే చాటు లేక కుక్కలకు, వేటగాళ్లకు దొరికిపోతుంది.

అలాగని కాల్చడం పూర్తిగా మానేస్తే? గడ్డిలో మొక్కలు మొలిచి, పొదలై, కొన్నేళ్లకు అడవిగా మారుతుంది. అప్పుడు కూడా పందికి చోటు పోయినట్టే. అందువల్ల "నిప్పే వద్దు" అనేవాళ్ల మాటలోనూ, "కాల్చకపోతే గడ్డే మిగలదు" అనే అటవీ సిబ్బంది మాటలోనూ నిజముంది. మధ్యేమార్గంగా చెప్పేది ముక్కలుగా కాల్చే పద్ధతి. మైదానాన్ని చెక్కలుగా విడగొట్టి, నిప్పు దాటకుండా మధ్యలో గడ్డి కోసిన బాటలు వదిలి, ఒక ఏడు కొన్ని చెక్కలే, అదీ డిసెంబరు, జనవరిలో నేలలో తడి ఉండగానే కాలుస్తారు. కాల్చిన చెక్క పక్కది ఆ ఏడు ముట్టుకోరు. వినడానికి సులువుగా ఉన్నా ఇది చెడిపోయేది రెండు చోట్ల. తడి ఆరాక కాలిస్తే నిప్పు బాట దాటి అంతా అంటుకుంటుంది. చుట్టుపక్కల పశువుల కాపరులతో మాట్లాడి ఒప్పించకపోతే, వదిలేసిన చెక్కలకు మార్చిలో మరొకరు నిప్పు పెడతారు.

## పెంపక కేంద్రం ఎవరికి ఎంత మేలు చేస్తుంది

1996లో మానస్ నుంచి 6 పందులను పట్టి గువాహటి దగ్గర బసిష్ఠలో పెంపకం మొదలుపెట్టారు. పంది కాబట్టి త్వరగానే మంద పెరిగింది. 2008లో అస్సాంలోనే సోనాయ్ రూపాయ్‌లో, తర్వాత ఒరాంగ్, బర్నాదిలలో, 2020 నుంచి మానస్‌లో వదిలారు. వదిలే ముందు పోటాసాలిలో సహజమైన గడ్డి ఉన్న ఆవరణల్లో నెలల తరబడి ఉంచుతారు. అక్కడ మనిషి అలికిడి తగ్గిస్తారు, పెట్టే మేత కూడా తగ్గించుకుంటూ పోతారు. నేల తవ్వి దుంపలు, పురుగులు వెతుక్కోవడం, గూడు కట్టుకోవడం అక్కడే అలవాటవుతుంది. వదిలాక బతికున్నాయో లేదో తెలుసుకోవడం మరో చిక్కు. పంది మెడ తల కన్నా లావు, రేడియో కాలరు జారిపోతుంది. అందుకే గూళ్లు, అడుగుజాడలు, కెమెరా ఉచ్చులే ఆధారం.

ఆరింటితో మొదలైన మందలో జన్యు వైవిధ్యం సంగతేమిటి? దీనికో చిన్న సూత్రముంది. గుంపులో ఎన్ని జీవులుంటే దానికి రెట్టింపు తీసుకోండి, తరానికి అన్నో వంతు వైవిధ్యం పోతుంది. ఆరింటికి పన్నెండో వంతు, అంటే 8 శాతం. గుంపు అక్కడే ఆగిపోతే ప్రతి తరంలోనూ ఇంతే పోతూ ఉంటుంది. వెంటనే 60కి పెరిగితే తర్వాతి తరంలో పోయేది 120లో ఒక వంతు, ఒక శాతం కూడా లేదు. కాబట్టి వేగంగా ఈనడం పందికి సంఖ్యనే కాదు, వైవిధ్యాన్నీ నిలబెట్టింది. ఏళ్ల తరబడి కొద్ది సంఖ్యలోనే ఉండిపోయే పిట్టకు ఆ వీలు లేదు.

పిట్టల పెంపకం 2019లో జైసల్మేర్ జిల్లా సమ్‌లో మొదలైంది. అడవి నుంచి తెచ్చిన గుడ్లను యంత్రాల్లో పొదిగించి, పిల్లలను చేత్తో పెంచారు. కేంద్రాల్లోని పిట్టల సంఖ్య 2025 నాటికి 60 దాటింది. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో తొలి పిల్ల పుట్టింది. రాందేవ్రా కేంద్రంలోని మగ పిట్ట వీర్యాన్ని సేకరించి, సుమారు 200 కిలోమీటర్లు తెచ్చి సమ్‌లోని ఆడ పిట్టకు అందించారు. ఎంతో ఓర్పుతో, నేర్పుతో చేసిన పని అది, మనసారా మెచ్చుకోవాలి. ఇక్కడి చిక్కు వేరే ఉంది. చేత్తో పెరిగిన పిల్ల మనిషినే తన జాతి అనుకోవచ్చు. బెదిరి పైకి ఎగిరితే ఆవరణకు తల కొట్టుకుంటుంది. వదిలాక నక్కను చూసి తప్పుకోవడం దానికి తల్లి నేర్పి ఉండదు. ఇవన్నీ దాటుకుని బయటికి వచ్చిన పిట్టకు ఎదురయ్యేవి మళ్లీ అవే తీగలు.

మొదటి సందేహానికి జవాబు ఇదే. పెంపక కేంద్రం అడుగంటిన బిందెలో నీళ్లు పోయగలదు. బిందెకున్న చిల్లి పంది విషయంలో గడ్డి, పిట్ట విషయంలో తీగ. చిల్లి పూడ్చకపోయినా పంది చాలా నీళ్లు తేగలదు, పిట్ట తేలేదు.

కేంద్రానికి ఇంకో ముప్పుంది, అది పందికే ప్రత్యేకం. 2020లో ఈశాన్య భారతంలోకి ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చింది. సోకిన పెంపుడు పందులు దాదాపు అన్నీ చనిపోతాయి. బూటు మట్టితోనో, మిగిలిన పంది మాంసంతోనో ఆ వైరస్ లోపలికి వస్తే, పాతికేళ్ల శ్రమ కొన్ని వారాల్లో తుడిచిపెట్టుకుపోతుంది. మందను ఒకే చోట పెట్టకుండా రెండు చోట్ల ఉంచడం అందుకే అంత అవసరం.

## రోళ్లపాడులో ఒకే కంచెలో జింక పెరిగింది, పిట్ట పోయింది

ఈ తేడా చూడటానికి తెలుగువాళ్లు అస్సాం దాకా పోనక్కర్లేదు. ఇప్పటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడును బట్టమేక పిట్ట కోసమే 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 6 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. కాపలా పెట్టారు, మేత ఆపారు. గడ్డి పెరిగింది. దానితో కృష్ణజింకలు అంతకంతకూ పెరిగాయి. గిట్టల జంతువు, మేత దొరికింది, వేట ఆగింది, ఇంక దానికేం తక్కువ! పెరిగిన మందలు చుట్టుపక్కల చేలమీద పడి పైరు మేశాయి. రైతులకు కడుపు మండింది. ఆ కోపం అభయారణ్యం మీదికి, దాని పేరు మోసే పిట్ట మీదికి మళ్లింది.

పిట్టకు మాత్రం ఆరు చదరపు కిలోమీటర్లు ఏ మూలకూ చాలదు. గుడ్డు కంచె లోపల పెట్టినా, తిండి కోసం, మిగతా కాలం గడపడానికి చుట్టూ ఉన్న జొన్న, కొర్ర, వేరుశనగ మెట్ట చేలలో తిరగాలి. కాలువ నీళ్లొచ్చి ఆ చేలలో పంటలు మారాయి. రైతుకు నీళ్లు రావడం తప్పెలా అవుతుంది? కానీ పిట్ట అభయారణ్యంలో కన్నా ఎక్కువగా ఆధారపడింది ఆ మెట్ట సాగు మీదే. ఇప్పుడు రోళ్లపాడులో కృష్ణజింకలున్నాయి, తోడేళ్లున్నాయి. బట్టమేక పిట్ట దాదాపు లేనట్టే.

గుజరాత్‌లోని కచ్ పరిస్థితి ఇంకో రకం. నలియా గడ్డిలో పిట్టలు కొన్ని మిగిలాయి, అయితే కొన్నేళ్లుగా అన్నీ ఆడవే. అవి కాలం రాగానే గుడ్లు పెట్టాయి, రోజుల తరబడి పొదిగాయి. మగ పిట్ట లేని గుడ్డులో పిల్ల ఉండదు. జనాభా లెక్కలో వాటిని కూడా పిట్టలుగానే రాస్తారు.